గీయకుండా వదిలిన చోటు

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్
14 జూలై 2024

ఎలీనా గారికి,

బ్రహ్మచారి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మెదక్‌లో మీరూ, మీ చెల్లెలు డోరా గారూ బాగున్నారని తలుస్తాను.

అక్షరాలు చూసి ఇదెవరి ఉత్తరమా అని కవరు వెనక్కి తిప్పి ఉంటారు. మాటలు నావే, చేతిరాత మా కోడలు నవతది. కళ్లద్దాలు మార్చాల్సిన పని ఉంది. అంతవరకు ఇలా చెప్పి రాయిస్తున్నాను. ఫోన్ చేద్దామంటే మీరు "ఏందీ? ఏందీ?" అని నాలుగుసార్లు అడిగి, చివరికి "సరే, ప్రభువు చూసుకుంటడు" అని పెట్టేస్తారు.

కవరులో రెండు అట్టముక్కల మధ్య ఒక బొమ్మ ఉంది. నవ్వకండి, నేనే గీశాను. మనం ఒకే డ్రాయింగ్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేశాం. నేను పెన్సిల్‌తో గీస్తే, దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి మీరు ఇంకు పట్టించేవారు. అన్నేళ్లలో స్కేలు ఆనించకుండా నేను ఒక్క గీత గీసి ఎరుగను. కల్వర్టులు, నీళ్ల ట్యాంకులు, క్వార్టర్లు, అంతే. ఎక్కడైనా చెట్టు చూపించాల్సి వస్తే సున్నా చుట్టి లోపల "చెట్టు" అని రాసేవాణ్ని. ఈ బొమ్మ మాత్రం స్కేలూ టి-స్క్వేరూ ఇంట్లోనే వదిలేసి మేడ మీద కూర్చుని గీసింది.

మా మేడ మీంచి మౌలాలి గుట్ట కనబడుతుంది. పోయిన మంగళవారం సాయంత్రం మబ్బు కమ్ముకొచ్చి కరెంటు పోయింది. మా గల్లీలో మిక్సీలు, టీవీలు, బోరు మోటార్లు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఒక పది నిమిషాలు అంతే. పక్క మేడ మీద జాన్ బీ గారు ఆరేసిన బట్టలు తీసుకుంటూ, "చారి సాబ్, వాన వస్తది, కాగితాలు తడుస్తయ్, లోపలికి పొండి" అన్నారు. నేను పోలేదు.

నవత ఫోన్లో ఫొటో తీసి పంపుతానంది. తీసి చూస్తే ఆ ఫోను తనంతట తానే ఆకాశాన్ని తెల్లగా కడిగేసి గుట్టకు నల్లరంగు పూసింది. అందుకే పోస్టులో పంపుతున్నాను.

ఎలా ఉందో చూసి రాయండి. మొహమాటం వద్దు. నాకు తెలిసినవాళ్లలో గీత సంగతి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇట్లు,
బ్రహ్మచారి


మెదక్
27 జూలై 2024

చారి గారికి,

ప్రభువు పేరిట వందనాలు. మేం బాగున్నాం. మీ బొమ్మ చేరింది. అట్టముక్కలు కూడా గట్టివి పెట్టారు, అవి డోరా తన పచ్చడి జాడీల కింద వేసుకుంది.

ఇక బొమ్మ విషయం. మీరు రిటైరై పదేళ్లయినా పని సగంలో వదిలే అలవాటు పోలేదు. గుట్ట ఒక గీత, పిట్టగోడ ఒక గీత, మధ్యలో నా అరచెయ్యంత చోటు బోసిగా వదిలేశారు. నేను ముప్పై ఏళ్లు లోకల్ రైల్లో ఆ దారిన తిరిగినదాన్ని. మల్కాజ్‌గిరిలో అంత ఖాళీ స్థలం ఎక్కడుందో చెబితే నేనే వచ్చి ఇల్లు కట్టుకుంటాను. పైగా గీతలు మరీ పలచన. కొన్నిచోట్ల అలలు అలలుగా ఉన్నాయి. మేడ మీద గాలి విసిరిందనుకుంటాను.

సరే, పనిచేసిన చేతులు ఊరుకుంటాయా? పాత పెట్టె దించి, డ్రాయింగ్ పెన్నులు వేన్నీళ్లలో కడిగి, మూడు రోజులు కూర్చుని ట్రేస్ చేశాను. గుట్ట గీతను వంపులు గీసే ఫ్రెంచ్ కర్వ్ అచ్చు పెట్టి సాపు చేశాను. గుట్ట ఎక్కే మెట్లు మీరు మరిచిపోయారు, వేశాను. ఖాళీలో నలభై రెండు ఇళ్లు వచ్చాయి, కిటికీలతో సహా. కరెంటు స్తంభాలు, తీగలు పెట్టాను. ఉత్తర దిక్కు బాణం కూడా లేకుండా డ్రాయింగ్ పంపడమేమిటండీ, మీరేనా ఇది? అదీ పెట్టాను. కింద కుడి మూల గడి కట్టి స్థలం, తేదీ, "స్కేలు ప్రకారం కాదు" అని రాశాను.

నిజం చెబితే ఆ మూడు రోజులూ నాకు పండగే. ఎన్నాళ్లకో వేళ్లకు ఇంకు అంటింది. డోరా భోజనానికి పిలిస్తే వినబడలేదు. నాకు వినబడకపోవడం కొత్త కాదు కానీ, ఈసారి ఆకలి కూడా వేయలేదు.

ట్రేసింగు మీకు పంపుతున్నాను. మీ పెన్సిల్ కాగితం నా దగ్గరే ఉంది. మన సెక్షన్ పద్ధతి మరిచిపోలేదుగా? ఒకే పనికి రెండు డ్రాయింగులు ఉండకూడదు. మీరు ట్రేసింగు చూసుకుని "సరి" అని రాసి పంపితే పెన్సిల్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసేస్తాను. ఆ మాట మాత్రం మీ చేత్తోనే రాయాలి. కోడలి చేత రాయిస్తే చెల్లదు.

ఎలీనా


మల్కాజ్‌గిరి
9 ఆగస్టు 2024

ఎలీనా గారికి,

నమస్కారాలు. ట్రేసింగు భద్రంగా చేరింది.

మీ చెయ్యి చెక్కుచెదరలేదు. నలభై రెండు ఇళ్లకూ నిలువు గీత నిలువుగా, అడ్డం గీత అడ్డంగా ఉంది. భూతద్దం పెట్టి చూశాను, ఒక్కచోట కూడా పెన్ను తడబడలేదు. గుట్ట అంత నున్నగా ఉంటుందని నేను అనుకోలేదు. మంచి పని. మీరు శ్రమ పడ్డందుకు కృతజ్ఞుణ్ని.

మీరు అడిగినట్టు చిన్న కాగితం మీద నా చేత్తో "సరి" అని రాసి ఇందులో పెట్టాను. పెన్సిల్ కాగితం చింపేయండి.

నవత ఇక్కడ పెన్ను ఆపి నా మొహం చూస్తోంది. "మామయ్యా, గిది సుత రాయాల్నా? నిజంగనే చింపమంటున్నరా?" అని అడుగుతోంది. చెప్పింది రాయమ్మా అన్నాను. చూస్తే ఈ మాటలన్నీ కూడా రాసేసింది. కొట్టేయమంటే వినడం లేదు.

బొమ్మల సరదా ఇంతటితో చాలనుకుంటున్నాను. ఆ బొమ్మ గీసిన నల్ల పెన్సిలు నవతకి ఇచ్చేశాను, సరుకుల చీటీలు రాసుకుంటుంది. కళ్లద్దాలు ఇంకా రాలేదు. వానలు బాగున్నాయి. డోరా గారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
బ్రహ్మచారి


మెదక్
1 సెప్టెంబర్ 2024

చారి గారికి,

వందనాలు. ఈ ఉత్తరం కుదురుగా కూర్చుని చదవండి. నవతా, నువ్వు చదివి వినిపిస్తుంటే ఒక్క ముక్క కూడా దాటేయకు తల్లీ.

మీ ఉత్తరం వచ్చిన రోజే పెన్సిల్ కాగితం తీసుకుని చింపడానికి కూర్చున్నాను. పద్ధతి ప్రకారం ముందు "సరి" చూడాలి కదా అని ఆ చిన్న కాగితం విప్పాను. మీ "సరి" నాకు తెలియనిది కాదు. ఇరవై ఆరేళ్లలో కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. పెన్ను ఎత్తకుండా ఒకే ఊపులో రాసేవారు. చివరి తోక కాగితం దాటి బల్ల మీదికి పోయేది. అటెండరు బల్ల తుడవలేక మిమ్మల్ని తిట్టుకునేవాడు. ఈ "సరి" అలా లేదు. "స" దగ్గర రెండుసార్లు చెరిపారు. "రి" మూడు ముక్కలుగా అతికారు. తోక అసలు లేదు.

దాన్ని బొమ్మ పక్కన పెట్టి చూశాను. గుట్ట గీతలో ఉన్న అలలే "స"లోనూ ఉన్నాయి. గాలి కాదన్నమాట. కళ్లద్దాలూ కాదు. చారి గారూ, మీరు నాకు నెలన్నరగా అబద్ధం రాయిస్తున్నారు, అదీ కోడలి చేత.

అప్పుడు ఏం చేశానో చెబుతాను. కొత్త ట్రేసింగ్ కాగితం తీసి బొమ్మ మీద పరిచాను. ఫ్రెంచ్ కర్వ్ ముట్టుకోలేదు. ఉన్న గీత మీద ఉన్నట్టే పెన్ను నడిపాను. ఎడమ నుంచి గుట్ట ఎక్కేటప్పుడు మీ చెయ్యి బాగా వణికింది. ఒకచోట ఆగారు, ఊపిరి బిగబట్టి ఉంటారు, మళ్లీ అక్కణ్నుంచే అందుకున్నారు. పైన బండ దగ్గర పెన్సిలు పక్కకి వాల్చి రుద్దారు, అక్కడ వణుకే లేదు. కుడివైపు దిగుతున్నకొద్దీ గీత సన్నబడి, ఇళ్లు మొదలవ్వాల్సిన చోట లేకుండా పోయింది. మొదటిసారి చూసినప్పుడు మీరు అక్కడ ఆగిపోయారనుకున్నాను. మీద చెయ్యి నడిపితే తెలిసింది, మీరే ఆపారు. ఒత్తిడి తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ కావాలనే వదిలారు. అలా వదలడం వణికే చేత్తో ఎంత కష్టమో నాకు తెలుసు. నేను ఆ ఒక్క గీత కోసం ఏడు కాగితాలు పాడుచేశాను, ఒక్కసారీ కుదరలేదు.

పెన్ను పక్కన పెట్టి బొమ్మను కిటికీ అంచున నిలబెట్టి ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. డోరా వచ్చి నా వెనక నిలబడింది. దానికి డ్రాయింగ్ అంటే బడిలో మార్కులు తక్కువొచ్చిన సబ్జెక్టు, అంతే. కాసేపు చూసి, "అక్కా, గిండ్ల వాన వస్తున్నట్టున్నది గద" అంది. తర్వాత పోయి టీవీ ఆపేసింది. ఎందుకాపావంటే, "ఏమో, ఊకెనే" అంది.

ఆ ఖాళీ వానేనని మా డోరాకి ఒక్క చూపులో తెలిసింది. నేను అందులో నలభై రెండు ఇళ్లు కట్టాను, మీరు ఎంతో కష్టపడి ఆపిన పది నిమిషాల్లో మళ్లీ మిక్సీలూ మోటార్లూ తిప్పాను. నాకు చాలా సిగ్గుగా ఉంది.

తొంభై నాలుగులో పంప్‌హౌస్ గుర్తుందా? మీరు తలుపు గీయడం మరిచిపోయారు. నేను తలుపు లేకుండానే ఇంకు పట్టించాను. పెద్ద ఇంజనీరు గారు అందరిముందూ నవ్వితే మీరు నా బల్ల దగ్గరికొచ్చి, "కండ్లు కనవడుతలేవా మేడం, తలుపు లేకపోతే లోపలికి ఎట్ల పోతరు?" అని ఎగిరారు. "మీరు గియ్యంది నేను గియ్య" అన్నాను నేను. ఆ మాట ఆఫీసంతా నెల రోజులు చెప్పుకుని నవ్వుకుంది. అన్నేళ్లు నిలబెట్టుకున్న మాటను మీ మొదటి బొమ్మ దగ్గరే తప్పాను.

ఎలా ఉందని అడిగారు. ఆలస్యంగా చెబుతున్నాను. గీత బాగుంది. వణుకుతోంది, బాగుంది. ఆ అలలు సాపు చేస్తే గుట్ట గుట్టలా లేదు, బోర్లించిన గిన్నెలా ఉంది. ఇంతకంటే తక్కువ గీసి ఇంత చూపించిన కాగితం మన ఆఫీసు నుంచి ఒక్కటీ వెళ్లలేదు.

మీ "సరి" నేను ఒప్పుకోవడం లేదు. దాన్నే నాలుగు ముక్కలు చేసేశాను. బొమ్మ నా దగ్గర క్షేమం. మీ దగ్గరున్న నా ట్రేసింగు చింపి ముక్కలు పంపండి, అవి చేరాక మీ బొమ్మ మీకు పంపుతాను. చెయ్యి సంగతి కూడా రాయండి. మీ చేత్తోనే రాయండి. ఎన్నాళ్లు పట్టినా పర్వాలేదు, నాకు ఇక్కడ వేరే పనేం లేదు.

ఎలీనా


మల్కాజ్‌గిరి
23 సెప్టెంబర్ 2024

ఎలీనా గారికి,

ఇది నేనే రాస్తున్నాను. రోజుకు నాలుగైదు వరుసలు. నవత దగ్గరకొస్తే కాగితం మూసేస్తున్నాను.

ఏడాదిన్నరగా ఉంది వణుకు. పద్మారావు నగర్‌లో డాక్టరుకు చూపించాను. ప్రాణం తీసేది కాదట, పూర్తిగా పోయేదీ కాదట. మాత్రలిచ్చారు. టీ సగం కప్పే పోయించుకుంటున్నాను. ఎవరికీ చెప్పాలనిపించలేదు. గీతే నా బతుకు కదా, అది పోయిందని ఎలా చెప్పను?

ఇంట్లో స్కేలు పెట్టి గీస్తే పెన్సిలు దాని అంచుకు టకటకా కొట్టుకునేది. ఆ చప్పుడు భరించలేక స్కేలు మానేశాను. మేడ మీద ఆ సాయంత్రం గుట్ట చూస్తుంటే, దాని అంచు కూడా ఎక్కడా సాపుగా లేదని మొదటిసారి గమనించాను. సరే, నా చేతికి తగినది దొరికిందనుకున్నాను. గీశాక నాకు నచ్చింది. కానీ నాకు నచ్చితే సరిపోదు. నా గీత గీతగా ఉందో లేదో మీరు చెప్పాలి. నోరు విప్పి అది అడగలేక, ఊరికే "ఎలా ఉంది" అని రాయించాను. మీరు సాపు చేశానని రాయగానే తీర్పు వచ్చేసిందనుకున్నాను. కోపం మీ మీద కాదు.

మీ ఉత్తరం నవత చదివి వినిపించింది. "గీత బాగుంది. వణుకుతోంది, బాగుంది" అన్న చోట ఆగి, ఆ వరుస కింద వేలు పెట్టి నాకు చూపించింది. నేను లేచి మొహం కడుక్కొచ్చాను. మళ్లీ చదవమన్నాను.

మీ ట్రేసింగు చింపడం కుదరదు. నవత దాన్ని వంటింట్లో అంటించింది. జాన్ బీ గారు వచ్చి నలభై రెండు ఇళ్లలో ఒకదాన్ని తన ఇల్లేనని పట్టుకున్నారు. "ఎలీనమ్మకు చెప్పుండ్రి, నా ఇంటికి ఒక కిటికీ తక్కువ ఏసింది" అని కబురు. ఇప్పుడు గల్లీలో ఒక్కొక్కరే వచ్చి తమ కిటికీలు చూసుకుంటున్నారు. నవతకి రోజూ టీల పనే. కాబట్టి అది ఇక్కడే ఉంటుంది. పెన్సిల్ బొమ్మ మీ కిటికీలోనే ఉండనివ్వండి. ఒకే పనికి రెండు డ్రాయింగులు ఉంటే ఏమవుతుంది? సెక్షన్ హెడ్డు ఇప్పుడొచ్చి అడగడు.

నవత నల్ల పెన్సిలు తిరిగి ఇచ్చింది. సగం అరిగిపోయింది. చింతపండు, కందిపప్పు రాయడానికి అంత ఒత్తాలా?

బ్రహ్మచారి


మెదక్
10 అక్టోబర్ 2024

చారి గారికి,

వందనాలు. మీ ఉత్తరం వచ్చింది. అక్షరాలు గుట్టలా ఎక్కి దిగుతున్నాయి, చక్కగా చదవగలిగాను. మూడుసార్లు చదివాను.

జాన్ బీ గారి కిటికీకి క్షమాపణలు. నేనెప్పుడైనా వచ్చినప్పుడు పెన్ను తెచ్చుకుని వేసేస్తాను.

ఇక్కడ ఒక మార్పు వచ్చింది. సాయంత్రం పూట డోరా టీవీ ఒక పది నిమిషాలు ఆపుతోంది. ఇద్దరం బొమ్మ ముందు కూర్చుంటున్నాం. మొదట్లో నాకు ఆ తెలుపు తెలుపులాగే కనబడేది. ఇప్పుడు కింద కొంచెం తడిగా, పైన కొంచెం వెలుగ్గా కనబడుతోంది. కాగితం మాత్రం అదే. నాకు సగం చెవులే పనిచేస్తాయి కాబట్టి నిశ్శబ్దం నాకు తెలుసనుకునేదాన్ని. వినబడకపోవడం వేరు, మీ బొమ్మలో ఉన్నది వేరు. అది హాయిగా ఉంది.

ఇంకో బొమ్మ గీయండి. తొందరేం లేదు, కానీ గీయండి. ఈ మాట ఆర్డరు అనుకోండి.

ఎలీనా


మల్కాజ్‌గిరి
29 డిసెంబర్ 2024

ఎలీనా గారికి,

ఆర్డరు ప్రకారం పంపుతున్నాను. క్రిస్మస్‌కి అందాలనుకున్నాను, చెయ్యి ఒప్పుకోలేదు. పదకొండు రోజులు పట్టింది. గీసింది తక్కువే, కూర్చుని చూసింది ఎక్కువ.

పొద్దున్నే మేడ మీద కూర్చుంటే పొగమంచు. మంకీ క్యాప్ పెట్టుకోమని నవత కింది నుంచి అరుస్తుంది, నేను మీలాగే వినబడనట్టు ఉంటున్నాను. పెన్సిలు వేలెడంత అయింది, అదే నయం, పొట్టి పెన్సిలు తక్కువ వణుకుతుంది.

ఇందులో ఉన్నవి మూడే. పిట్టగోడ, జాన్ బీ గారి బట్టల తీగ, దాని మీద మరిచిపోయిన ఒక తువ్వాలు. మిగతాదంతా కాగితమే. మౌలాలి గుట్ట ఆ పొద్దు కనబడలేదు. ఎక్కడ ఉండాలో నాకు తెలుసు, మీకూ తెలుసు. నేను సంతోషంగా ఉన్నానండీ. ఈ మాట రాయడానికి చెయ్యి కష్టపెట్టలేదు.

చూసి, పద్ధతి ప్రకారం మీ చేత్తో రాసి పంపండి.

బ్రహ్మచారి


మెదక్
11 జనవరి 2025

చారి గారికి,

బొమ్మ చేరింది. కిటికీ అంచున మొదటిదాని పక్కన పెట్టాను. పెన్నులు కడిగి ఆరబెట్టి పెట్టెలో పెట్టేశాను.

మీరు గుట్ట గీయలేదు. నేనూ గీయలేదు.

సరి.

ఎలీనా